బరువు మారలేదు, పొట్ట పెరిగింది, తొడలు సన్నబడ్డాయి. ప్రోటీన్ పౌడర్ ఏది మంచిది?

బెజవాడ_36 · జనవరి 9, రాత్రి 11:52

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. వయసు 36, ఎత్తు 5 అడుగుల 8, బరువు 74. 2016లో పెళ్ళప్పుడు కూడా 74 యే, అందుకే ఫిట్‌గానే ఉన్నా అనుకుంటూ వచ్చా. మొన్న తమ్ముడి రిసెప్షన్‌కి పెళ్ళి సూటు బయటికి తీస్తే ప్యాంటు హుక్కు మూడు వేళ్ళ దూరంలో ఆగిపోయింది, అదే ప్యాంటు తొడల దగ్గర లుంగీలా ఊగుతోంది, కోటు చూస్తే భుజాల దగ్గర ఇంకా హ్యాంగర్‌కే వేలాడుతున్నట్టుంది. టైలర్ అటూ ఇటూ తిప్పి చూసి "ఇది మీదేనా సార్, అన్నగారిదా" అన్నాడు. జిమ్ ఫ్రీ ట్రయల్‌లో రెండు కడ్డీలు పట్టుకుని నిలబడే మెషిన్ ఎక్కించి ఫ్యాట్ 31 శాతం అన్నారు. 74 కేజీలోడికి 31 ఏంటండీ? డ్రింక్ వీకెండ్స్ మాత్రమే, అదీ లిమిట్‌లో. ప్రోటీన్ పౌడర్ ఏది వాడాలో, పొట్టకి ఏ ఎక్సర్‌సైజ్ చేయాలో చెప్పండి.

చేపల_పులుసు · జనవరి 10, రాత్రి 12:05

వెల్కమ్ బ్రదర్. అన్నగారిదే అని చెప్పేసి ఉంటే అక్కడితో పోయేది కదా.

జిమ్_తాత · జనవరి 10, ఉదయం 5:20

బాబూ, నాకు 61, ముప్పై ఏళ్ళ నుంచి బరువులెత్తుతున్నా, నీలాంటి కేసులు మా జిమ్‌లో నెలకొకటి వస్తాయి కాబట్టి చెప్తున్నా. ఆ మెషిన్ అంకెని దేవుడి మాటలా తీసుకోకు, అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపి నీళ్ళని బట్టి లెక్కేస్తుంది, ముందురోజు రాత్రి తాగి ఒళ్ళు ఎండిపోయి ఉంటే కొవ్వు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అయినా ఒకసారి లెక్క వేద్దాం. 31 నిజమే అనుకుంటే నీ ఒంట్లో కొవ్వు 23 కేజీలు. పెళ్ళినాటికి 20 శాతం ఉందనుకుందాం, అంటే 15 కేజీలు. ఎనిమిది కేజీల కొవ్వు లోపలికొచ్చింది, ఎనిమిది కేజీల కండ బయటికి పోయింది, తూకం మిషను మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌లా లెక్క సరిపోయిందని సెల్యూట్ కొట్టింది.

పౌడర్ సంగతి తర్వాత. వీకెండ్ అంటే వారానికి ఎన్ని రోజులు? లిమిట్ అంటే ఎన్ని ఎమ్మెల్? అది చెప్పు ముందు.

బెజవాడ_36 · జనవరి 10, ఉదయం 9:40

శుక్ర, శని అంతే సార్. రెండు మూడు పెగ్గులు. ఆఫీసు టెన్షన్లు తెలుసుగా.

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్ · జనవరి 10, ఉదయం 10:15

నేను ఇక్కడ హాస్పిటల్లో డైటీషియన్‌ని, ఊరు తెనాలి. మందులో ఏముందో చాలామందికి తెలీదు కాబట్టి రాస్తున్నా. గ్రాము పిండిపదార్థానికి 4 క్యాలరీలు, ప్రోటీన్‌కి 4, కొవ్వుకి 9, ఆల్కహాల్‌కి 7. మన విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది చూడండి, ఆ లెక్కన క్వార్టర్ అంటే 180 ఎమ్మెల్‌లో అసలు ఆల్కహాల్ 77 ఎమ్మెల్, బరువులో 61 గ్రాములు, ఉజ్జాయింపుగా 425 క్యాలరీలు. ఐదారు ఇడ్లీలంత. కానీ ఇడ్లీలో ఉన్నదేదీ ఇందులో లేదు, ప్రోటీన్ సున్నా, విటమిన్ సున్నా. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో ఆల్కహాల్ నుంచే 290 దాకా వస్తాయి, దానికి పిండిపదార్థం అదనం.

ఇక మంచింగ్. వంద గ్రాముల పల్లీలు 550కి పైనే. చికెన్ సిక్స్టీ ఫైవ్, ఆ తర్వాత పదకొండింటికి బిర్యానీ, అవన్నీ ఎక్కడికి పోతాయి? ఆల్కహాల్‌ని ఒళ్ళు దాచుకోలేదు, విషం కాబట్టి ముందు దాన్నే కాల్చుకోవాలి, గంటకి 7 నుంచి 10 గ్రాములు లివర్ స్పీడు. క్వార్టర్ అయితే ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంతసేపూ కొవ్వు కరిగే పని బాగా మందగిస్తుంది. అంటే ఆల్కహాలే కొవ్వుగా మారిపోతుందని కాదు, అలా మారేది చాలా తక్కువ. దాంతోపాటు తిన్న సిక్స్టీ ఫైవ్ తాలూకు నూనె వరసలో వెనక్కి పోయి పొట్టలో గది తీసుకుంటుంది. మనవాళ్ళకి అసలే సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు ఉండే ఒళ్ళు, అందుకే మనదగ్గర మగవాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితేనే డాక్టర్లు జాగ్రత్త అంటారు. టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలుచుకోండి, ఊపిరి బిగపట్టకుండా.

చేపల_పులుసు · జనవరి 10, ఉదయం 10:31

ఊపిరి బిగపట్టకుండా అన్న ముక్క దగ్గరే నా కొలత ఆగిపోయింది.

దావత్_బంద్ · జనవరి 10, మధ్యాహ్నం 1:10

అన్నా నేను తాగుడు బంద్ వెట్టి 14 నెలలైంది, మాది సిద్దిపేట దిక్కు. నువ్వు తొడలు సన్నవడ్డయ్ అన్నవ్ సూడు, నాకు గదే అయింది, మొదలు నేను గుర్తువట్టలే. పొద్దుగాల అయిదు కిలోమీటర్లు నడుస్తుంటి, దమ్ము రాలే, ఏం కాలే. గని ఊర్ల అమ్మమ్మోళ్ళ ఇంట్ల కింద కూసునే బాత్రూముకు పోతే లేవనీకె గోడ వట్టుకోవాల్సొచ్చింది. 39 ఏండ్లకు! బస్సు ఎక్కెటప్పుడు రాడ్డు గుంజుకోని ఎక్కుడు, గ్యాస్ సిలిండర్ ఎత్తితే చేతులు వణుకుడు. నడుస్తున్న గదా అని ధీమా ఉండె. అయిదు కిలోమీటర్లు నడిశినోడు బాత్రూంల ఎందుకు లేవలేడో నాకు సమజ్ కాలే, డాక్టర్ చెప్పెదాంక.

పిక్క_బలం · జనవరి 10, మధ్యాహ్నం 2:45

వైజాగ్‌లో ఫిజియోని. దావత్ గారు రాసింది పుస్తకంలో ఉన్నట్టే ఉంది, ఎందుకో చెప్తాను. మన కండల్లో రెండు రకాల పోగులు ఉంటాయి. ఒకటి నెమ్మదిగా, అలసిపోకుండా పనిచేసేది, నిలబడటానికి, నడవడానికి. రెండోది వేగం, బలం కోసం, కూర్చున్నచోటు నుంచి లేవడం, మెట్లెక్కడం, బస్సు కోసం పరిగెత్తడం, బిందె ఎత్తడం. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళలో ముందుగా ఈ రెండో రకమే చిక్కిపోతుంది. అందుకే మనిషి నడుస్తాడు, లేవలేడు. తుంటి, తొడలు, భుజాల చుట్టూ ముందు పోతుంది, చేతివేళ్ళ బలం తర్వాత. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. దీనికి డాక్టర్లు పెట్టిన పేరు ఆల్కహాలిక్ మయోపతి. ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మందిలో ఏదో ఒక స్థాయిలో ఉంటుందని లెక్క. అందరికీ తెలిసిన సిర్రోసిస్‌, అంటే లివర్ గట్టిపడిపోయే జబ్బు, దానికంటే ఇదే ఎక్కువమందికి, కానీ పేరు విన్నవాళ్ళు ఎంతమంది?

"సరిగా తినడు కాబట్టి చిక్కిపోయాడు" అని ఇంట్లోవాళ్ళు అంటారు, అది సగమే నిజం. బాగా తినేవాళ్ళలో కూడా వస్తుంది, లివర్ ఇంకా బాగున్నవాళ్ళలో కూడా వస్తుంది. 1989లో బార్సిలోనా డాక్టర్లు ఏ కంప్లయింటూ లేని 50 మంది తాగేవాళ్ళ కండలు పరీక్ష చేశారు, సగటు వయసు 38. దాదాపు సగం మందిలో కండ ముక్కలో తేడా కనిపించింది, జీవితంలో మొత్తం ఎంత తాగారో దాన్ని బట్టి భుజం బలం తగ్గుతూ వచ్చింది. గుండె కూడా కండే కదండీ, దాని పంపింగ్ కూడా అదే దారిలో తగ్గింది.

ఇంట్లోనే ఒక టెస్ట్. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి, టైమ్ చూడండి. ఆసియా దేశాల డాక్టర్లు పెద్దవాళ్ళ కోసం పెట్టుకున్న గీత 12 సెకన్లు. పట్టు బలం కొలిచే సాధనం దొరికితే మగవాళ్ళకి 28 కేజీలు, ఆడవాళ్ళకి 18, అంతకంటే తగ్గితే బలహీనం. ముప్పైల్లో ఉన్నవాళ్ళు ఆ గీత దగ్గరికే రాకూడదు.

రచ్చబండ_రెడ్డి · జనవరి 10, సాయంత్రం 6:02

అతి చేస్తున్నారు. మా తాత రోజూ కల్లు తాగి 88 ఏళ్ళు బతికాడు, నాగలి పట్టాడు. కల్లు నేచురల్, ఈ ఫారిన్ లిక్కర్‌తోనే సమస్య.

జిమ్_తాత · జనవరి 10, సాయంత్రం 6:40

మీ తాత పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా నాగలి పట్టాడు, మనం మౌస్ పట్టాం. అది చాలదా తేడా. ఇంకోటి, ఆయన తాగింది తాడిచెట్టు దింపిన కల్లు, నాలుగైదు శాతం. ఇప్పుడు కొన్ని చోట్ల సీసాలో వచ్చేది చెట్టు ముఖం చూడనిది, అందులో నిద్రమాత్రల పొడి అల్ప్రాజోలం కలిపి పట్టుబడ్డ కేసులు తెలంగాణలో ఎన్ని చూశాం. ఆ కల్లు దొరక్కపోతే మనుషులు ఊగిపోయేది దానికే. చెట్టు కల్లులో ఉన్నదీ అదే ఆల్కహాల్, పరిమాణమే తేడా.

రచ్చబండ_రెడ్డి · జనవరి 10, సాయంత్రం 6:55

సరే పెద్దాయనా, మీతో వాదన పెట్టుకోను. కానీ జిమ్ చేసి, ప్రోటీన్ తీసుకుని, శనివారం కాస్త ఏసుకుంటే ఏమవుతుంది? మా బ్యాచ్ అంతా అదే.

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్ · జనవరి 10, రాత్రి 8:20

దీనికి సూటిగా జవాబిచ్చిన ప్రయోగం ఉంది, 2014లో మెల్‌బోర్న్‌లో చేశారు. వ్యాయామం అలవాటున్న 8 మంది మగవాళ్ళు. బరువులు, సైకిలు, అన్నీ గట్టిగా చేయించి మూడు రకాలుగా పరీక్షించారు: ప్రోటీన్ ఒక్కటే, ప్రోటీన్‌తోపాటు మందు, పిండిపదార్థంతో మందు. తొడ కండలోంచి చిన్న ముక్క తీసి కొత్త కండ ఎంత కడుతోందో చూశారు. మందు కలిస్తే ప్రోటీన్ తీసుకున్నా 24 శాతం తగ్గింది, ప్రోటీన్ లేకపోతే 37 శాతం. అంటే పౌడర్ కొంత కాపాడింది కానీ నష్టాన్ని పూడ్చలేదు. ఎనిమిది మందే, ఒక్క రాత్రే, మందు కూడా కేజీ బరువుకి ఒకటిన్నర గ్రాములు, అంటే 70 కేజీల మనిషికి 105 గ్రాములు, క్వార్టరున్నర దాటుతుంది. కాబట్టి ఒక్క పెగ్గుకి ఈ లెక్క అతికించకండి. కానీ మీ బ్యాచ్ శనివారం ఒక్క పెగ్గుతో లేచి వెళ్తుందా?

ఎలా తగ్గుతుందంటే, కండ అనేది రోజూ కొంత కూలుతూ కొంత కడుతూ ఉండే ఇల్లు. కట్టమని మేస్త్రీకి వెళ్ళే పిలుపు ఉంటుంది, ఎంటార్ అంటారు, ఆల్కహాల్ ఆ పిలుపునే అణిచేస్తుంది. ఇటుకలు, అంటే ప్రోటీన్, సైట్‌లో పడి ఉంటాయి, మేస్త్రీ రాడు. దానికి తోడు ఎక్కువ తాగేవాళ్ళలో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, ఒత్తిడి హార్మోన్ కార్టిజాల్ పెరుగుతుంది, రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది. ఏళ్ళ తరబడి అయితే కొంతమంది మగవాళ్ళకి ఛాతీ పెరుగుతుంది, సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పరు.

మణికొండ_మేడం · జనవరి 10, రాత్రి 9:05

ఆడవాళ్ళ సంగతి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే అడుగుతున్నా. నేను వైన్ మాత్రమే, రోజూ రెండు గ్లాసులు, కరోనా లాక్‌డౌన్‌లో మొదలైంది. వైన్ గుండెకి మంచిదంటారుగా?

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్ · జనవరి 10, రాత్రి 9:22

మేడం, ఆ మాట ఇప్పుడు డాక్టర్లు అనట్లేదు. సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పేసింది. ఆడవాళ్ళ ఒంట్లో నీటి శాతం తక్కువ, అదే బరువున్న మగవాడితో సమానంగా తాగినా రక్తంలో ఎక్కువ చేరుతుంది, లివరూ కండా త్వరగా దెబ్బతింటాయి. పైగా నలభై దాటాక ఎముకలు కూడా చూసుకోవాలి. విటమిన్ డి ఒకసారి చేయించుకోండి.

అనంతపురం_పిల్ల · జనవరి 11, ఉదయం 7:30

మా నాయన గురించి చెప్తా, ఇది చదివి ఒక్కరైనా తూకం మిషన్ని నమ్మడం మానేస్తే చాలు. నాయన 68 కేజీలు, మూడేళ్ళూ 68 యే. అమ్మ ఊర్లో అందరికీ "బరువేం తగ్గలేదు, బాగానే ఉన్నాడు" అని చెప్తా ఉండేది. పొట్ట మాత్రం కుండలా అయింది, అందరూ తాగుడు బొజ్జ అన్నారు. ఒకరోజు చొక్కా తీస్తే జబ్బలు చూసి నాకు భయమైంది, నా మణికట్టంత ఉన్నాయి, కణతల దగ్గర గుంటలు. ఆస్పత్రికి తీసుకుపోతే పొట్టలో ఉండేది కొవ్వు కాదు, నీళ్ళు. సిర్రోసిస్. ఒక్కరోజే ఆరు లీటర్లు తీసినారు. ఆ ఆరు కేజీలు తీసేస్తే మనిషి ఎంత మిగిలినాడో చూడండి. అప్పటిదాకా నీళ్ళు ఎక్కుతా ఉంటే కండ దిగిపోతా ఉండింది, తూకం కదల్లేదు.

ఇంకో తప్పు మాతో జరిగింది. లివర్ చెడిపోయిందంటే పప్పు, గుడ్డు, మాంసం అన్నీ బంద్ చేసి గంజి పోసినాం, చుట్టాలందరూ అదే చెప్పినారు. తర్వాత వేరే డాక్టర్ గట్టిగా తిట్టినాడు. ప్రోటీన్ తగ్గించడం పాత పద్ధతంట, ఇప్పుడు కేజీ బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు ఇవ్వమంటారు. రాత్రి ఖాళీ కడుపుతో పడుకుంటే లివర్ చెడినోళ్ళకి మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తున్నట్టేనంట, లివర్‌లో నిల్వ ఉండదు కాబట్టి ఒళ్ళు సొంత కండనే కరిగించుకుంటుంది. పడుకునే ముందు ఏదో ఒకటి, పాలో, రాగి జావో, బ్రెడ్డో తినమన్నాడు. అప్పటినుంచి అమ్మ రాత్రి పదింటికి లేపి మరీ తాపేది. నాయన ఇంకో నాలుగేళ్ళు ఉన్నాడు.

చేపల_పులుసు · జనవరి 11, ఉదయం 8:02

అమ్మా, జోకులేద్దామని వచ్చా, వెనక్కి వెళ్ళిపోతున్నా.

బెజవాడ_36 · జనవరి 12, రాత్రి 1:18

అందరూ పడుకుని ఉంటారు. ఇక్కడ నా పేరు లేదు కాబట్టి చెప్తున్నా. నా వీకెండ్ శుక్రవారం మొదలై గురువారం అయిపోతుంది. రోజూ క్వార్టర్, శుక్ర శనివారాలు హాఫ్. 2013లో మొదలైంది, ఫస్ట్ జాబ్. కుర్చీ టెస్ట్ చేశా, 17 సెకన్లు, నాలుగోసారికే టేబుల్ పట్టుకోబోయా. నడుం 98 సెంటీమీటర్లు. అనంతపురం చెల్లి రాసింది చదివాక బాత్రూంలో అద్దం ముందు చొక్కా తీసి చూసుకున్నా, జబ్బలు మా నాన్నవి. నాన్నకి 67.

నిన్న రాత్రి బాటిల్ సింకులో పోసేశా. 26 గంటలైంది. ఇక ముట్టను. చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాల్సి వస్తోంది, గుండె దడగా ఉంది, నిద్ర రావట్లేదు. రెండు రోజులు ఓర్చుకుంటే పోతుంది కదా?

దావత్_బంద్ · జనవరి 12, రాత్రి 1:26

అన్నా ఆగు. ఒక్కనివే ఉన్నవా? వదినను లేపు. ఇప్పుడే లేపు.

పిక్క_బలం · జనవరి 12, రాత్రి 1:31

దయచేసి ఇది ఓర్చుకునే విషయం అనుకోకండి. రోజూ తాగే ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే మొదటి 6 గంటల నుంచి రెండు రోజుల లోపు ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొంతమందికి లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, జ్వరం, అది ప్రాణాల మీదికి వస్తుంది. మీరు సరిగ్గా ఆ టైమ్‌లో ఉన్నారు, వణుకు, చెమట, దడ మూడూ ఉన్నాయి. ఇంట్లోవాళ్ళని తీసుకుని ఇప్పుడే ఎమర్జెన్సీ ఉన్న హాస్పిటల్‌కి వెళ్ళండి, బండి మీరు నడపొద్దు. డాక్టర్‌కి వీకెండ్ అని చెప్పకండి, ఇక్కడ రాసినట్టే చెప్పండి, ఆఖరి చుక్క ఎప్పుడో టైమ్‌తో సహా. నిద్రమాత్ర సొంతంగా వేసుకోకండి. గ్లూకోజ్ పెట్టే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి. ఫిట్స్ వస్తే 108.

మోడరేటర్ · జనవరి 12, రాత్రి 1:40

పై పోస్టుని పిన్ చేశాం. ఎవరికైనా అవసరమైతే టెలీ మానస్ 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానిపించే హెల్ప్‌లైన్ 14446. బెజవాడ_36 గారూ, వెళ్ళారా లేదా ఒక్క ముక్క రాయండి.

దావత్_బంద్ · జనవరి 12, రాత్రి 2:15

అన్నా?

చేపల_పులుసు · జనవరి 12, ఉదయం 6:10

ఏమైనా తెలిసిందా ఎవరికైనా? నాకు నిద్ర పట్టలా.

అనంతపురం_పిల్ల · జనవరి 13, సాయంత్రం 5:44

అన్నా, చదువుతా ఉంటే ఒక చుక్క పెట్టి పో.

బెజవాడ_36 · జనవరి 18, ఉదయం 11:05

ఉన్నాను. మీ పోస్టులు చూసి మా ఆవిడని లేపా, ఆమె ఫోన్ లాక్కుని థ్రెడ్ మొత్తం చదివింది, "వీకెండ్" అన్న పదం దగ్గర ఒక చూపు చూసింది, తర్వాత మా బావకి ఫోన్ చేసింది. హాస్పిటల్ చేరేసరికి మూడున్నర. దారిలోనో అక్కడో ఒకసారి ఫిట్స్ వచ్చిందట, నాకు గుర్తులేదు, నాలుక కొరుక్కున్నా. ఐదు రోజులున్నా. మందులతో నెమ్మదిగా దింపారు, బి1 పెట్టారు, పొటాషియం, మెగ్నీషియం తక్కువున్నాయని ఎక్కించారు. సీపీకే అనే కండ టెస్ట్ ఎక్కువొచ్చింది, ఫిట్స్ వల్ల కూడా పెరుగుతుందట. యూరిన్ కోలా రంగులో వస్తే మాత్రం వెంటనే చెప్పమన్నారు, కండ ఒక్కసారిగా కరిగి కిడ్నీకి అడ్డం పడితే అలా వస్తుందట. నాకు రాలేదు. లివర్‌లో కొవ్వు ఉంది, సిర్రోసిస్ లేదు. ఇప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గర ఫాలోఅప్. మొదట ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్ అంటే నవ్వుతారేమో అనుకున్నా, కానీ క్యూలో నా ఐడీ కార్డు ట్యాగ్ లాంటివి మెళ్ళో వేసుకున్నవాళ్ళు ఇద్దరున్నారు.

ప్రోటీన్ పౌడర్ ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నా.

జిమ్_తాత · జనవరి 18, మధ్యాహ్నం 12:30

బతికించావు నాయనా. మూడు వారాలు జిమ్ వైపు చూడకు, సీపీకే మామూలు అయ్యాక డాక్టర్‌ని అడిగి మొదలెట్టు. అందాకా తిను, పడుకో, నడు. తర్వాత కుర్చీలోంచి లేవడమే నీ ఎక్సర్‌సైజు, పదేసి చొప్పున, ఆ తర్వాత చేతిలో రెండు లీటర్ల నీళ్ళ సీసా పట్టుకుని. వేగం పోగులు చిక్కిపోయాయి అందిగా ఆ ఫిజియో అమ్మాయి, అవి నడకకి మేల్కోవు, బరువుకే మేల్కొంటాయి. పొట్ట కోసం పడుకుని లేచే ఎక్సర్‌సైజులు చేయకు, పొట్ట అలా పోదు.

దావత్_బంద్ · జనవరి 18, రాత్రి 7:50

మంచిగుంది అన్నా. నాది చెప్త, ఆశ వెట్టుకుంటవని కాదు, ఎట్లుంటదో తెల్వాలె. మొదటి నెల రెండు కిలోలు తగ్గిన, సంబురపడ్డ, గది నీళ్ళే. రెండో నెలల స్వీట్లు కావాలె అని పిచ్చి లేశింది, జిలేబీ, మైసూర్‌పాక్, ఆఫీసుల ఎవరి బర్త్‌డే ఉన్నా కేకు నాదే, మూడు కిలోలు పెరిగిన. దోస్తులు "తాగుడు బంద్ వెడితే లావైండు" అని మస్తు నవ్విన్రు. మూడో నెల దాంక కాళ్ళు గట్లనే ఉండె. అయిదో నెలల ఒకరోజు అమ్మమ్మోళ్ళింట్ల గోడ వట్టకుంట లేశిన, లేశినంక సమజైంది గోడ వట్టలేదని. గంతే, బ్యాండు మేళం ఏం లేదు. ఏడాదికి బలం దాదాపు వాపస్ వచ్చింది. మా వార్డుల ఉన్న ఒకాయనకు మాత్రం పూర్తిగ రాలే, ఆయనది ఇరవై అయిదేండ్ల తాగుడు, కాళ్ళ నరాలు గూడ పోయినయ్, అరికాళ్ళు మంట.

పిక్క_బలం · జనవరి 19, ఉదయం 9:12

దావత్ గారు చెప్పినది చాలామందిలో కనిపించే వరసే. కొత్తగా తుంటిలో, గజ్జల్లో నొప్పి, నడిస్తే కుంటు వస్తే కండ నొప్పి అనుకుని వదిలేయకండి. ఎక్కువ తాగినవాళ్ళలో కొంతమందికి తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోతుంది, ముప్పై, నలభైల్లోనే కీలు మార్పిడికి వచ్చిన మగవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఎక్స్‌రేలో మొదట్లో కనపడదు, ఎమ్మారై కావాలి.

రచ్చబండ_రెడ్డి · జనవరి 19, రాత్రి 10:40

కుర్చీ టెస్ట్ చేశా. 13. ఎవరికీ చెప్పొద్దు.

చేపల_పులుసు · జనవరి 19, రాత్రి 10:44

పబ్లిక్ థ్రెడ్‌లో రాసి ఎవరికీ చెప్పొద్దంటాడేంటి ఈయన.

బెజవాడ_36 · ఆగస్టు 17, ఉదయం 8:30

థ్రెడ్ పైకి తెస్తున్నందుకు సారీ. ఏడు నెలలైంది. మధ్యలో మార్చిలో ఒకసారి జారా, ఆఫీసు పార్టీ, రెండు పెగ్గులు, మర్నాడే డాక్టర్ దగ్గరికెళ్ళి చెప్పా, అదీ రాయాలనిపించింది. బరువు 75, అంటే ఒక కేజీ పెరిగా! జనవరిలో అయితే ఏడ్చేవాణ్ణి. నడుం 98 నుంచి 91. తొడ కొలత నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. కుర్చీ 17 నుంచి 10. రోజూ మూడు గుడ్లు, పప్పు, పెరుగు, వారానికి మూడుసార్లు చేపలో చికెనో, వేయించకుండా. కుర్చీ నుంచి మొదలెట్టి ఇప్పుడు ఇరవై కేజీల బియ్యం సంచి ఎత్తుకుని రెండంతస్తులు ఎక్కుతున్నా, లిఫ్ట్ పనిచేస్తున్నా సరే, వాచ్‌మన్ వింతగా చూస్తున్నాడు. టీ ఒక చేత్తోనే.

సూటు మాత్రం ఇంకా పట్టలేదు. హుక్కు ఒక వేలు దూరం. కోటు భుజాలు సరిపోయాయి కానీ ఇప్పుడు జబ్బల దగ్గర బిగుతు. డిసెంబర్‌లో మరదలి పెళ్ళి, ఆల్టర్ చేయించనా ఆగనా?

జిమ్_తాత · ఆగస్టు 17, ఉదయం 8:52

కోటు వదులు చేయించు, ప్యాంటు ముట్టుకోకు. డిసెంబర్ దాకా టైముంది.

చేపల_పులుసు · ఆగస్టు 17, ఉదయం 9:15

ఆ టైలర్ దగ్గరికే వెళ్ళు బ్రదర్. అన్నగారిదేనా అని మళ్ళీ అడుగుతాడేమో చూద్దాం.